పూత మీద తోట, పీపాలో వైన్

తిరుపతి నుంచి ఒకాయన రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందులో విషయం ఇదీ.

ఆయనకు 41 ఏళ్లు. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, నాయన పోయాక 2021లో తిరిగొచ్చేశారు. ఇప్పుడు ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో అమ్మ, భార్య, పదమూడేళ్ల కూతురితో ఉంటూ ఇంట్లోంచే పనిచేస్తున్నారు. భార్య ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు ఆఫీసువాళ్లతో కలిసి బోర్డో వైపు ద్రాక్షతోటలకు వెళ్లేవారట, అక్కడ రెడ్ వైన్ మీద ఇష్టం పుట్టింది. తాగుడు అలవాటు కాదు, నెలకు ఒకటి రెండు గ్లాసులు. కానీ ఏ తోట, ఏ ఏడాది పంట, ఆ ఏడాది వానలెలా పడ్డాయి అని చదవడం, నోట్‌బుక్‌లో రాసుకోవడం ఇప్పటికీ మానలేదు.

పాకాల వైపున్న మామిడితోట అమ్మితే ఆయన వాటాకు 26 లక్షలు వచ్చాయి. సంతకం పెట్టేటప్పుడు అమ్మ "ఇది పాప చదువుకి" అంది. లండన్‌లో ఉన్న బావమరిది ఫోన్ చేసి, ఖరీదైన బోర్డో రెడ్ వైన్లు ఇంకా పీపాల్లో ఉండగానే తక్కువ ధరకు అమ్ముతారు, కొని పదేళ్లు గోడౌన్‌లో పెడితే రెండింతలు మూడింతలు అవుతుంది, అక్కడ దాని మీద పన్ను కూడా ఉండదు అన్నాడు. మొత్తం 20 లక్షలు. అకౌంటు బావమరిది పేరు మీదే. మే నెలలో 5 లక్షలు అడ్వాన్సుగా పంపారు, బ్యాంకు ఫారంలో "బంధువుల ఖర్చులకు" అని రాసి. మిగతా 15 లక్షలు ఈ నెలాఖరుకి పంపాలి. భార్యతో "షేర్లలో పెట్టాను" అన్నారు. ఆమె అప్పుడప్పుడు "షేర్లెలా ఉన్నాయి?" అని అడుగుతుంటే "బాగానే ఉన్నాయి" అంటున్నారు.

ఇంకొకటి కూడా రాశారు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న 2015 బోర్డో సీసా ఒకటి తువ్వాల్లో చుట్టి బీరువా అడుగు అరలో దాచుకున్నారు. ఈ వేసవిలో చూస్తే బిరడా కాస్త పైకి లేచి ఉంది, తువ్వాలు మీద ఎర్రటి మరక. ఉతకడానికి తీసిన భార్య ఏమిటిదని అడిగితే దానిమ్మ రసం అని చెప్పారు.

"మా నాయన దామలచెరువు మండీలో వ్యాపారం చేసేవాడు. పూత చూసి తోటలు కొనేవాడు. నాకూ అదే రక్తం వచ్చిందేమో. మిగతా డబ్బు కట్టేదా, ఐదు లక్షలు వదులుకునేదా? కొండ కింద ఉంటూ మందు మీద డబ్బు పెట్టానని అమ్మకు తెలిస్తే? భార్యకు ఎలా చెప్పేది? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు." ఇదీ ఆయన రాసింది.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వైన్ సంగతికి ముందు మీ నాయన సంగతి మాట్లాడుకుందాం. మీరు ఆయన్ని తలుచుకుని ధైర్యం తెచ్చుకుంటున్నారు, ఆ పోలిక సరైందో కాదో చూసుకోకుండా ముందుకు పోవడం మంచిది కాదు.

మాదీ చిత్తూరు వైపే. పూత మీద తోట కొనేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాను. సంక్రాంతి దాటాక తోటలోకి వచ్చి, చెట్టు చెట్టు కిందికీ వెళ్లి, ఒక పూగుత్తిని అరచేతి మీద విదిలించి ఏం రాలిందో చూసేవాళ్లు. తేనెమంచు పురుగు రాలితే ఒక ధర, రాలకపోతే ఇంకో ధర. బోరులో నీళ్లెంత, రైతు చెట్లకు పురుగుమందు కొట్టాడా లేదా, పోయినేడు కాపెలా ఉంది, తోతాపురి ఎన్ని చెట్లు, బేనీషా ఎన్ని, ఇవన్నీ లెక్క కట్టి అప్పుడు అడ్వాన్సు చేతిలో పెట్టేవాళ్లు. ఇంత చేసినా ఏప్రిల్లో ఒక్క రాత్రి గాలివాన వస్తే పిందెలన్నీ నేల మీదే. అంతా బాగా కాసినా ధర నిలబడాలి కదా, 2025లో తోతాపురికి ఏమైందో చూశారుగా, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరస కట్టి నిలబడ్డాయి, చివరికి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది.

మీ నాయన చేసింది చిన్న సాహసమేమీ కాదు. కానీ ఆయన తోటలో నిలబడి చూసి కొన్నాడు, తన పేరు మీద కొన్నాడు, తన వ్యాపారం డబ్బుతో కొన్నాడు, ఇంట్లో అందరికీ తెలిసేలా కొన్నాడు. నష్టమొచ్చినా లాభమొచ్చినా ఆరు నెలల్లో తేలిపోయేది. మీరు చేయబోయేదాంట్లో ఈ ఐదింట్లో ఒక్కటీ లేదు. మీకు ఆయన రక్తమే వచ్చి ఉండొచ్చు, ఆయన పద్ధతి మాత్రం ఇందులో కనిపించలేదు నాకు.

ఇక వైన్. ఈ అమ్మకాన్ని బోర్డోలో ఆన్ ప్రిమర్ అంటారు, మీకు తెలిసిందే, చదివేవాళ్ల కోసం చెబుతున్నా. సెప్టెంబరు, అక్టోబరుల్లో ద్రాక్ష కోస్తారు. వచ్చే ఏప్రిల్‌కల్లా వ్యాపారులకు, వైన్ విమర్శకులకు పీపాలోంచి తీసిన నమూనా రుచి చూపిస్తారు. ఆ తర్వాత కొన్ని వారాల్లో ఒక్కో షాటో, అంటే వైన్ తయారుచేసే ఎస్టేట్, తన ధర ప్రకటిస్తుంది. డబ్బు అప్పుడే కట్టాలి, వైన్ మాత్రం 225 లీటర్ల ఓక్ పీపాల్లోనే ఇంకో ఏడాదో ఏడాదిన్నరో ఉండి, తర్వాత సీసాకెక్కి, కొన్నవాడి దగ్గరికి చేరేసరికి పంట కోసి రెండు మూడేళ్లవుతుంది. షాటో మీకు నేరుగా అమ్మదు. మధ్యవర్తి, ఆయన దగ్గర్నుంచి అక్కడి టోకు వ్యాపారి, ఆయన దగ్గర్నుంచి లండన్ షాపు, ఆ షాపు నుంచి మీ బావమరిది, ఆయన వెనకాల మీరు. మన మండీలో ఉన్నట్టే అక్కడా ప్రతి చేతికీ ఒక వాటా ఉంటుంది. ఈ వరసలో మీరు ఐదో చేతి తర్వాత ఉన్నారు.

మీ బావమరిది చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. 1982 పంటను పీపాలో ఉండగా కొన్నవాళ్లు నిజంగానే బాగా సంపాదించారు. 2008 పంట 2009లో, ప్రపంచమంతా ఆర్థికంగా కుదేలైనప్పుడు తక్కువ ధరకు వచ్చింది, మరుసటేడు షాటో లాఫిట్ ఆ ఏడాది సీసా మీద చైనావాళ్లకు అదృష్టమైన ఎనిమిది అంకె వేస్తున్నామని చెప్పగానే ధర ఎగిరి కూర్చుంది. ఈ కథలే అందరూ చెబుతారు. 2009, 2010 పంటలు గొప్పవే, కానీ చాలా ఎక్కువ ధరకు విడుదలయ్యాయి, 2011 మధ్య నుంచి చైనా కొనుగోళ్లు తగ్గేసరికి వాటిలో ఎన్నో ఏళ్ల తరబడి కొన్న ధర కన్నా కిందే ఉండిపోయాయి. అది ఎవరూ కథగా చెప్పరు. పేరున్న వైన్ల మార్కెట్ 2022లో బాగా పైకెళ్లి, ఆ తర్వాత రెండేళ్లకు పైగా దిగుతూ వచ్చింది. అందుకే షాటోలే 2023 పంటకు ధర బాగా కోశాయి, 2024కి ఇంకా కోశాయి. అంతకు ముందు ఏడాది పూర్తి ధర పెట్టి కొన్నవాడి సంగతి ఆలోచించండి. ఈ పదేళ్లలో విడుదలైన వాటిలో చాలా వైన్లు సీసాకెక్కాక కూడా దాదాపు అదే ధరకో, అంతకన్నా తక్కువకో దొరికాయి. ముందే కొంటే చవక అనేది ఒకప్పటి మాట, ఇప్పుడు ప్రతి వైన్‌కూ విడిగా చూసుకోవాల్సిందే.

షాటో లాటూర్ మీ నోట్‌బుక్‌లో కచ్చితంగా ఉంటుంది. 2012లో వాళ్లు ఈ ముందస్తు అమ్మకం నుంచే తప్పుకున్నారు. వైన్ తమ సెల్లార్‌లోనే ఉంచుకుని, తాగే వయసు దగ్గరపడ్డాక అమ్ముతామన్నారు. వేచి ఉంటే వచ్చే లాభం మనకే ఎందుకు రాకూడదు అని తయారుచేసేవాడే అనుకున్నాడంటే, అదే లాభం మీకు మిగులుతుందని అంత గట్టిగా నమ్మకండి.

లెక్క కూడా ఒకటి చూడండి. 20 లక్షలు ఏడు శాతం వడ్డీకి పదేళ్లు కదపకుండా ఉంచితే పన్నుకు ముందు దాదాపు 39 లక్షలు అవుతుంది. మీ వైన్ రెండింతలైనా, ఏటా గోడౌన్ అద్దె, ఇన్సూరెన్సు, అమ్మేటప్పుడు పది శాతం దాకా కమీషన్ పోతే, మామూలు డిపాజిట్ కన్నా వెనకే ఉంటుంది. పౌండు విలువ పెరిగితే కొంత కలిసొస్తుంది, కాదనను. కానీ పాపకు పదమూడేళ్లు. డబ్బు అవసరం పడేది ఐదేళ్లలో. అప్పటికి ఆ వైన్ సీసాలో కాస్త కుదురుకుని ఉంటుందంతే, అమ్మబోతే అందరూ అడిగేది "ఇంకో పదేళ్లు ఉంచొచ్చుగా" అని.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది ఆ "అడ్వాన్సు" అనే మాట. ఈ అమ్మకాల్లో మామూలుగా వైన్ ధర మొత్తం ఆర్డర్ ఇచ్చినప్పుడే కట్టించుకుంటారు. అక్కడి సుంకం, వ్యాట్ మాత్రం డెలివరీ తీసుకునేటప్పుడు. మీదగ్గర పావు వంతు ఇప్పుడు, మిగతాది నెలాఖరుకి అన్నారంటే, ఆ 5 లక్షలకు కొన్ని పెట్టెలు ఇప్పటికే పూర్తిగా కొనేశారా, లేక మొత్తం సరుకుకి బయానాగా కట్టారా, లేక ఇంకా మీ బావమరిది అకౌంటులోనే ఉన్నాయా? మీరు 5 లక్షలు "వదులుకోవాలా" అని అడుగుతున్నారు, అసలు పోతాయని ఎవరు చెప్పారు? మొదటి రకమైతే ఏమీ పోలేదు, ఆ పెట్టెలు మీవి. మూడో రకమైతే అసలు ఏమీ కొననే లేదు. ఇన్వాయిస్ చూడకుండా ఈ ప్రశ్నకు నేనూ జవాబు చెప్పలేను, మీరూ చెప్పుకోలేరు.

బావమరిది మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు, దయచేసి అలా అనుకోకండి. షాపువాడు మంచివాడో కాదో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది? అమెరికాలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ప్రీమియర్ క్రూ అని ఒక వైన్ షాపుండేది. ఇంకా రాని వైన్లను ముందే అమ్మేవాళ్లు, కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్లకు సరుకు ఇచ్చుకుంటూ పోయారు. 2016లో దివాలా తీసింది, యజమాని జైలుకెళ్లాడు, ఏళ్ల క్రితం డబ్బు కట్టినవాళ్లు లేని సీసాల కోసం అప్పులవాళ్ల వరసలో చివరన నిలబడ్డారు. పీపాలో ఉన్న సరుకు కొనడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే, మీ దగ్గరున్నది వైన్ కాదు, ఇస్తామన్న మాట.

మన వైపు నుంచి కూడా రెండు చిక్కులున్నాయి. "బంధువుల ఖర్చులకు" అని రాసి పంపిన డబ్బుతో సరుకు కొంటే బ్యాంకుకి చెప్పింది ఒకటి, చేసింది ఇంకొకటి అవుతుంది. ఇది తర్వాత నోటీసు రూపంలో రావచ్చు, ఇప్పుడే ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర కూర్చుని ఎలా సరిచేసుకోవాలో అడగండి. మిగతా 15 లక్షలు కూడా పంపితే, ఇప్పటి నిబంధనల ప్రకారం ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది, అంటే మీ చేతిలోంచి ఇంకో 2 లక్షలు వెళ్లాలి. రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ ఇప్పటికైతే తీయాల్సిందే. లండన్‌లో పన్ను ఉండదన్నది అక్కడ ఉండేవాళ్ల సంగతి. మీరు ఇక్కడి నివాసి, బయట దేశంలో వచ్చిన లాభానికీ ఇక్కడ పన్ను కట్టాలి, విదేశాల్లో ఉన్న ఆస్తి రిటర్న్‌లో చూపించాలి. మరి పేరు బావమరిదిదైతే ఏం చూపిస్తారు? ఆయనకు రేపు ఏదైనా జరిగితే, లేదా డబ్బు అవసరమై అమ్మేస్తే, మీదని చెప్పడానికి మీదగ్గర ఏ కాగితం ఉంది?

ఇంత చెప్పానని మీ ఇష్టం తప్పని కాదు. ఒక తోట, ఒక ఏడాది వానలు, ఒక మనిషి పనితనం సీసాలో ఇరవై ఏళ్లు నిలిచి ఉండటం అందమైన విషయమే. బేనీషా పండు వాసన చూసి ఏ ఊరి తోటదో చెప్పే మండీ మనిషి కొడుక్కి అది పట్టుకోవడంలో ఆశ్చర్యమేముంది. నెలకు రెండు గ్లాసుల ఇష్టాన్ని 20 లక్షల పెట్టుబడిగా ఎందుకు మార్చారో మాత్రం ఒకసారి నిదానంగా ఆలోచించండి. ఇష్టమని చెబితే ఇంట్లో ఒప్పుకోరు, పెట్టుబడి అంటే గౌరవంగా ఉంటుంది, బహుశా అందుకేనేమో. దాచుకోవాల్సి వచ్చిన కొద్దీ అంకె పెద్దదైంది.

ఇప్పుడు మీ ఎదురుగా ఏమేం ఉన్నాయో చూద్దాం.

మొత్తం కట్టేయొచ్చు. అలాగైతే అకౌంటు మీ పేరుతో ఉండాలి, పెట్టెలు సుంకం పడని బాండెడ్ గోడౌన్‌లో మీ పేరు మీద నమోదు కావాలి, ఆ షాపు ఎన్నేళ్లుగా ఉంది, సరుకును టోకు వ్యాపారి నిజంగా కేటాయించాడా అనేదానికి రాతపూర్వకంగా రుజువు కావాలి. పదేళ్లు ఆ డబ్బు లేనట్టే లెక్క. పాప ఇంజనీరింగో మెడిసినో చేరే నాటికి చేతిలో 6 లక్షలే ఉంటాయి, మిగతాది అప్పు తేవాలి. ఆ అప్పు వడ్డీ కూడా మీ వైన్ ఖర్చులో రాసుకోండి. నాకు ఈ దారి నచ్చలేదు, కానీ ఇంట్లో ఇద్దరూ కూర్చుని ఒప్పుకుంటే అది మీ ఇష్టం.

తగ్గించుకోవచ్చు. 5 లక్షలకు ఇప్పటికే ఏవైనా కొని ఉంటే అవి ఉంచుకుని, మిగతా ఆర్డర్ వద్దని చెప్పడం. ఇంకా ఇన్వాయిస్ కాని కేటాయింపును వద్దంటే షాపువాళ్లు మామూలుగా ఇంకొకరికి ఇచ్చేస్తారు, మహా అయితే వచ్చే ఏడాది మిమ్మల్ని ముందు పిలవరు. అప్పుడు మీకు మిగిలేది ఒకటి రెండు పెట్టెలు, అమ్మడానికి కాదు, యాభై దాటాక తాగడానికి. ముందస్తుగా కొనడంలో నిజమైన మేలు కూడా ఇలాంటప్పుడే ఉంటుంది, తక్కువ సీసాలు చేసే చిన్న తోట వైన్ దొరుకుతుంది, సరుకు పాత కొనుగోలుదార్ల ఇళ్లలో తిరగకుండా షాటో నుంచి వ్యాపారుల ద్వారానే వస్తుంది కాబట్టి నకిలీ భయం తక్కువ, కావాలంటే ఒకటిన్నర లీటర్ల పెద్ద సీసా అడగొచ్చు. పెద్ద షాటోల పేరున్న వైన్‌కి ఈ తొందర అక్కర్లేదు, అవి ఏటా లక్షకు పైగా సీసాలు చేస్తాయి, తర్వాతైనా దొరుకుతాయి.

పూర్తిగా ఆపేయొచ్చు. బావమరిదికి కొంచెం కష్టంగా ఉంటుంది, ఆయన అక్కడ మాట ఇచ్చి ఉంటాడు. 5 లక్షల్లో ఏదైనా తగ్గితే తగ్గొచ్చు. కానీ తువ్వాల్లో చుట్టిన ఆ సీసా మీకు ఇప్పటికే ఒక మాట చెప్పింది. ఇలాంటి వైన్ పన్నెండు పదమూడు డిగ్రీల దగ్గర, చీకట్లో, పడుకోబెట్టి ఉండాలి. మన ఊళ్లో మే నెలలో నలభై దాటుతుంది, కరెంటు పోయిన మధ్యాహ్నం బీరువాలో ఎంతుంటుందో మీరే ఊహించండి. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను తోసింది, అంతే. కొన్నదాన్ని ఇక్కడికి తెచ్చుకోవాలన్నా దిగుమతి సుంకమే 150 శాతం దాకా ఉంటూ వచ్చింది, విమానంలో సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే, అంటే రెండు సీసాలు. ఏ దారి ఎంచుకున్నా ఆ వైన్ ఉండేది లండన్‌లోనే, దాన్ని చూసేది బావమరిదే.

మీ భార్య సంగతి చివరికి ఉంచాను గానీ అన్నిటికన్నా ముందు చేయాల్సింది అదే. మీరు డబ్బు గురించి భయపడుతున్నారు, ఆమెకు అంతకన్నా కష్టం కలిగించేది ఇంకొకటి ఉంది. తన తమ్ముడికి తెలిసిన విషయం తనకు తెలియదు. తన పుట్టింటి మనిషి, తన భర్త, ఇద్దరూ కలిసి రెండు నెలలుగా తనను పక్కన పెట్టారు. ఫోన్లో తమ్ముడితో మాట్లాడిన ప్రతిసారీ వాడికి తెలుసు, తనకు తెలియదు. నష్టం వస్తే కోప్పడి ఊరుకునే మనిషి కూడా దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. అందుకే లాభమొచ్చాక చెబుదాం అనుకోకండి, లాభమొచ్చినా ఈ ముక్క అలాగే ఉంటుంది. బావమరిది నోట ఆమెకు తెలియకముందే మీ నోట తెలియాలి. ఆయనకు కూడా చెప్పండి, "ఈ వారం మీ అక్కతో మాట్లాడుతున్నా, అడిగితే దాచకు" అని.

అమ్మ ఇంట్లో లేని సమయం చూసుకోండి, ఇద్దరే ఉండాలి. వైన్ గురించి పాఠం చెప్పొద్దు, ఎంత పంపారో, ఎవరి పేరు మీద, ఫారంలో ఏం రాశారో, ఇంకా ఎంత పంపలేదో, ఇవి అంకెలతో సహా చెప్పండి. పై దారుల్లో ఏది ఎంచుకోవాలో ఆమె మాట విన్నాకే తేల్చుకోండి. ఇంటి ఖర్చు ఆమె జీతం మీద కూడా నడుస్తోందని మీరే రాశారు.

అమ్మ దగ్గర మీరు అనుకుంటున్నంత గొడవ ఉండకపోవచ్చు. మద్యనిషేధం కొండ మీద, కింద చట్టం వేరు, అది మీకూ తెలుసు ఆమెకూ తెలుసు. కానీ ఆమె పూజగది ఉన్న ఇల్లు అది, ఆమెకు నచ్చనిది ఇంట్లో పెట్టకపోవడం పెద్ద త్యాగమేమీ కాదు. ఆమెకు చెప్పాల్సింది వైన్ గురించి కాదు, పాప చదువుకన్న డబ్బులో 5 లక్షలు పక్కకు పోయాయని, దాన్ని ఎప్పటిలోగా తిరిగి పెడతారో. సంతకం పెట్టిన మనిషికి ఆ మాత్రం తెలియాలి. భార్యతో మాట్లాడాక, ఇద్దరూ కలిసి చెప్పండి.

నెలాఖరు దాకా ఆగకండి. ఈ రాత్రే బావమరిదికి మెసేజ్ పెట్టి ఇన్వాయిస్, షాపు ఇచ్చిన రసీదు, గోడౌన్ అకౌంటు వివరాలు పంపమనండి. ఆయన పంపేలోపు 15 లక్షల్లో ఒక్క రూపాయి కదపకండి. రేపు ఆమెతో కూర్చున్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఆ తువ్వాలు తీసి ముందు పెట్టండి, ఇది దానిమ్మ రసం కాదు అని చెప్పండి, మిగతాది దాని వెనకే వస్తుంది.